నలభై ఒకటో పేజీలో లేనిది

జూన్ 4

ప్రియమైన తమ్ముడికి,

నీ మ్యూజియం నూరేళ్ల చరిత్ర ప్రూఫులు నిన్న అందాయి. ఫోను చేద్దామనుకుని మానేశాను. నేను కాస్త గొంతు పెంచగానే నువ్వు "సిగ్నల్ సరిగ్గా లేదక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయడం కుదరదు. తలుపు వేసుకుని కూర్చుని చదువు.

ముందు పని సంగతి. లోపలి అట్ట మీదే 'శతాబ్ధి' అని వేశారు. 'శతాబ్ది' అనాలి. నూరేళ్లు బతికిన సంస్థకు తన వయసు రాసుకోవడం రాకపోతే ఎలా?

మొదటి నలభై పేజీలు బాగా రాశావు. అక్కనని అనడం లేదు, ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల రాతలన్నీ దిద్దుతున్న ప్రూఫ్ రీడరుగా అంటున్నాను. పాలకుడు వేటాడి తెచ్చిన జంతువుల తలలు, విదేశీ గడియారాలు రెండు గదుల్లో పెట్టి దానికి రాష్ట్ర మ్యూజియం అని పేరు తగిలించడం, మొదటి ఇరవై ఏళ్లు సిఫారసు ఉత్తరం, కాళ్లకు బూట్లు లేనిదే ఎవరినీ మెట్లెక్కనివ్వకపోవడం, చివరికి రాత్రిబడి పంతుళ్లు నూటపది మంది కూలీలను వెంటబెట్టుకొచ్చి మూడు రోజులు ఆ మెట్ల మీదే కూర్చుని తలుపులు తీయించడం, ఇవన్నీ ప్రెస్సులో అందరికీ చదివి వినిపించాను. మా తమ్ముడు రాశాడని చెప్పుకున్నాను.

ఆ తర్వాత నలభై ఒకటో పేజీ తిప్పాను.

"ఆ సంవత్సరం వరదలో నగరపు పల్లపు ప్రాంతాలు మునిగిపోగా, అప్పటి డైరెక్టరుగారు మానవతా దృక్పథంతో మ్యూజియం గేట్లు తెరిపించి ఆరువందల మందికి పందొమ్మిది రోజులు ఆశ్రయమిచ్చారు. ఈ సంస్థ ప్రజల కోసమే అనడానికి ఇది తార్కాణం."

ఒరేయ్, ఎవరు తెరిపించారు? ఎవరిచేత? ఆ గేటుకు పద్నాలుగేళ్లు కాపలా కాసిన మనిషి నీ ఇంట్లో గోడమీద ఫొటోలో ఉన్నాడు. లేచి వెళ్లి ఆయన మొహం చూసి ఈ వాక్యం ఒకసారి పైకి చదువు. డైరెక్టరు ఆ పగలంతా మేడమీద ఉండి తన పింగాణీ జాడీలు అటకెక్కిస్తున్నాడు. గేటు తీయొద్దని చెప్పింది ఆయన. ఆ మాట కాదని తీసి, ఉద్యోగం, ఉంటున్న గది రెండూ పోగొట్టుకున్నది నాన్న. ఆ నాన్నకు నీ నూటపన్నెండు పేజీల్లో ఒక్క వాక్యం దొరకలేదా?

నలభై ఒకటో పేజీ మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టాను. దాన్ని మార్చి పంపితేనే మిగతావి దిద్దుతాను.

మరదలికి, పిల్లకు ఆశీస్సులు. నీకు లేవు.

మీ అక్క

*

జూన్ 15

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తలుపు వేసుకునే చదివాను.

అక్కా, నా పని నీకు తెలుసు. ఈ భవనంలోకి వచ్చిన ప్రతి వస్తువుకూ ఒక నంబరు వేసి పెద్ద రిజిస్టరులో ఎక్కించడం. తిమింగలం అస్థిపంజరం మొదలు గుండుసూదంత పూస దాకా. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తున్నాను. కాగితం లేని వస్తువును నేను ఎక్కించను. చరిత్ర కూడా అలాగే రాశాను. వరద సంవత్సరం ఫైలులో డైరెక్టరుగారు ప్రభుత్వానికి పంపిన నివేదిక ఉంది. అందులో ఉన్నదే పుస్తకంలో ఉంది. కాపలాదారు ప్రస్తావన ఎక్కడా లేదు. లేనిదాన్ని నేను ఎక్కడినుంచి తేవాలి?

ఇంకొక మాట. పుస్తకం కమిటీకి అధ్యక్షురాలు ఆ డైరెక్టరుగారి కూతురే. మంచి మనిషి. ఆవిడకు నేను ఏం చూపించాలి? మా అక్క చెప్పింది అనా?

నీకప్పుడు పదకొండేళ్లు. నాకు నాలుగు. నాకు గుర్తున్నదల్లా తిమింగలం పక్కటెముకల మీద ఎవరివో తడిబట్టలు ఆరేసి ఉండడం. నువ్వు చెప్పిన కథ వింటూ పెరిగాను. కానీ నాన్న నోటివెంట ఆ కథ ఒక్కసారి కూడా వినలేదు. అది నీకెప్పుడూ వింతగా అనిపించలేదా? నా పెళ్లిలో మామగారు నలుగురిలో ఆయన చెయ్యి పట్టుకుని "ఆరువందల ప్రాణాలు కాపాడిన చెయ్యండీ ఇది" అన్నారు. నాన్న ఆ చెయ్యి విడిపించుకుని బయటికి వెళ్లిపోయాడు. భోజనానికి కూడా రాలేదు. వినయం అనుకున్నాం.

ఇక్కడ పనులు ముమ్మరంగా ఉన్నాయి. పాత గేటు తీసేసి అద్దాల ద్వారం పెడుతున్నారు. టికెట్ ఫోనులోనే తీసుకోవాలట. సాయంత్రాలు వరండా లైట్ల కింద చదువుకునే అద్దకంవాళ్ల వీధి పిల్లలను ఇకమీదట కూర్చోనివ్వరట. నాకూ నచ్చలేదు. ఫైలు మీద నా అభిప్రాయం రాశాను.

కోపం తగ్గాక రాయి.

నీ తమ్ముడు

*

జూన్ 19

ప్రియమైన అనాలో వద్దో తెలియని తమ్ముడికి,

కోపం తగ్గలేదు. పెరిగింది. ఫైలు మీద అభిప్రాయం రాశావా? పిల్లలను మెట్లమీంచి తోలేస్తుంటే అభిప్రాయం రాశావా? సరే, అది తర్వాత మాట్లాడుకుందాం.

మా అక్క చెప్పిందంటే చాలదన్నావు. అయితే ఆ అక్క చెప్పేది కాగితం మీద పెడుతున్నాను. ఇదిగో, నీకు కాగితం.

గేటు పక్కన ఒంటిగది. అందులో మనం నలుగురం. ఆ రోజు పొద్దున్నుంచే నది రంగు మారింది. పన్నెండు గంటలకు అద్దకంవాళ్ల వీధిలోకి నీళ్లు వచ్చాయి. ఆ వీధి పల్లంలో ఉంటుంది, మ్యూజియం మిట్టమీద. వాళ్లకు ఇంకెక్కడికీ దారి లేదు. పిల్లలను చంకనేసుకుని, ముసలివాళ్లను వీపున మోసుకుని వచ్చి గేటు పట్టుకున్నారు. చేతులన్నీ నీలం, ఎరుపు. రంగు తొట్లు వదిలేసి అలాగే వచ్చారు. లోపల తాళం చేత్తో నాన్న. మేడమీద డైరెక్టరు. గేటు తెరుచుకుంది. వాళ్లు లోపలికి వచ్చారు.

పందొమ్మిది రోజులు నాణేల గదిలో బాలింతలు, తిమింగలం కింద పసిపిల్లలు. శిల్పాల వరండాలో పొయ్యిలు. ఆరువందల మంది ఉంటే ఒక్క వస్తువు పోలేదు. ఒక రాతి విగ్రహానికి చిటికెనవేలు విరిగింది, అంతే. ఆ మ్యూజియం పుట్టిన తర్వాత జనానికి ఉపయోగపడింది ఆ పందొమ్మిది రోజులే అని నేనంటాను. నీ కమిటీని కాదనమను.

ఇరవయ్యో రోజు నాన్నను తీసేశారు. ఆజ్ఞ ధిక్కరించాడని ఒకటి, విగ్రహం వేలు విరగడానికి కారకుడని ఒకటి. సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యమన్నారు. అమ్మ నిన్ను ఎత్తుకుంది, నేను వంటగిన్నెలు ఎత్తుకున్నాను. ఆ తర్వాత నాన్న కలప అడితిలో దుంగలు మోశాడు. పద్నాలుగేళ్లకు నన్ను బడి మాన్పించి ప్రెస్సులో పెట్టారు, నువ్వు చదువుకోవడానికి. నీ పాఠ్యపుస్తకాల్లో సగం నేను సీసపు అక్షరాలు పేర్చి కూర్చినవే. ఆ చదువుతో నువ్వు అదే మ్యూజియంలో ఉద్యోగం తెచ్చుకుంటే నాన్న ఏమీ అనలేదు. నేను మాత్రం, మన గేటు మళ్లీ మన చేతికొచ్చిందని ఊరంతా చెప్పుకున్నాను. నాకు బుద్ధి లేదు.

తీసేసిన ఉత్తర్వు ఉండాలి కదా. మనిషిని ఊరికే తీసేయరు, కాగితం రాస్తారు. నివేదికల ఫైలు చూశావు. సిబ్బంది ఫైళ్లు చూశావా? నేలమాళిగలో పడేసి ఉంటారు. దిగి వెతుకు. వెతక్కపోతే ఇక ఈ చిరునామాకు రాయకు.

అక్క

*

జూలై 12

ప్రియమైన అక్కకు,

వెతికాను. మూడు వారాలు పట్టింది. నేలమాళిగలో విరిగిన పీఠాల వెనక రేకుపెట్టెలో ఉన్నాయి. సగం పురుగు తినేసింది. నాన్నది దొరికింది. ఉత్తర్వు ఉంది. దాంతోపాటు విచారణ కాగితాలు కూడా ఉన్నాయి.

అక్కా, ఒక మాట అడుగుతాను, కాదనకు. దీన్ని ఇక్కడితో వదిలేద్దాం. డైరెక్టరుగారి పేరు తీసేసి "సిబ్బంది గేట్లు తెరిచి" అని మారుస్తాను. కమిటీ ఒప్పుకుంటుంది. సిబ్బంది అంటే నాన్నే కదా. అంతకంటే ఎక్కువ రాస్తే నాన్నకు మంచిది కాదు.

ఎందుకని అడగవద్దు.

నీ తమ్ముడు

*

జూలై 16

మహారాజశ్రీ రిజిస్టర్ల అధికారిగారికి,

ఎందుకని అడగవద్దా? నలభై ఆరేళ్లుగా అడగకుండా ఉన్నది చాలదా?

మ్యూజియానికి అద్దాల పెట్టెలు చేసిన వడ్రంగి గుర్తున్నాడా, చిన్నప్పుడు అద్దాల మామ అనేవాళ్లం. మొన్న ప్రెస్సుకు వచ్చాడు. మనవడి పెళ్లి శుభలేఖలు వేయించుకోవడానికి. శతాబ్ది ఉత్సవాలు కాగానే మీ తమ్ముడు డిప్యూటీ డైరెక్టరు అవుతాడటగా అన్నాడు. నేను నవ్వు మొహం పెట్టి అవునన్నాను.

అదా సంగతి. అందుకా నాన్నకు మంచిది కాదన్నావు? ఎవరికి మంచిది కాదో ఇప్పుడు అర్థమైంది. 'సిబ్బంది' అట. దొంగతనం జరిగితే కాపలాదారు, మంచి జరిగితే సిబ్బంది. డైరెక్టరు కూతురు ఎదుట నీ వెన్నెముక ఎంత మెత్తగా వంగుతోందిరా. ఆ తిమింగలానికి చచ్చాక కూడా ఉంది, నీకు బతికుండగా లేదు.

ఒకటి చెబుతున్నాను, విను. సెప్టెంబరు ఒకటిన మీ ఉత్సవాల సభకు నేను వస్తున్నాను. ఒక్కదాన్నే కాదు. అద్దకంవాళ్ల వీధిలో ఆ పందొమ్మిది రోజులు లోపల పడుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లతో వచ్చి, మంత్రిగారు మాట్లాడుతుండగా లేచి నిలబడి, గేటు తీసింది మా నాన్న అని చెబుతాను. ఆపగలిగితే ఆపు.

మా నాన్న కూతురు

*

జూలై 29

అక్కా,

నువ్వు అలా లేచి చెప్పకుండా ఉండాలంటే నాకు ఇంక వేరే దారి లేదు. విచారణ కాగితం ఉన్నదున్నట్టు కింద రాస్తున్నాను. అక్షరం మార్చలేదు.

"ప్రశ్న: గేటు వద్దకు జనము ఎన్ని గంటలకు వచ్చిరి?
జవాబు: పగలు పన్నెండు గంటలకు.
ప్రశ్న: డైరెక్టరు ఆజ్ఞ ఏమి?
జవాబు: తీయవద్దని. బురదకాళ్లతో లోనికి రానీయవద్దని.
ప్రశ్న: గేటు ఎన్ని గంటలకు తీయబడినది?
జవాబు: మూడు దాటినది.
ప్రశ్న: అంతవరకు తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నది?
జవాబు: నా కోటు జేబులో.
ప్రశ్న: ఆ మధ్యలో ఏమి జరిగినది?
జవాబు: నీరు మెట్లపైకి వచ్చినది. మెట్లమీద ఉన్నవారిలో ఏడుగురు కొట్టుకొనిపోయిరి.
ప్రశ్న: నీవు చూచితివా?
జవాబు: చూచితిని.
ప్రశ్న: చూచి ఏమి చేసితివి?
జవాబు: లేదు.
ప్రశ్న: గేటు తీసినది ఎవరు?
జవాబు: నేనే.
ప్రశ్న: ఏడుగురు పోవునంతవరకు తీయని వాడవు తరువాత ఎందుకు తీసితివి?
జవాబు: (చెప్పలేదు.)
చదివి వినిపించగా ఒప్పుకొని సంతకము చేసితిని."

కింద నాన్న సంతకం. దాని వెనక ఆ ఏడుగురి జాబితా.

మూడు గంటలు, అక్కా. తాళం జేబులో పెట్టుకుని మూడు గంటలు. ఏమి చేసితివి అంటే 'లేదు' అన్నాడు. ఏమీ లేదు అనబోయాడో, మాట రాలేదో.

డైరెక్టరు ఆజ్ఞ ఇచ్చాడు, నిజమే. ఆయన మీద నాకు నీకంటే ఎక్కువ మంటగా ఉంది. నివేదికలో ఏడుగురి మాటే ఎత్తకుండా తనకు తాను దండ వేసుకున్నాడు. ఆ దండను నేను నా చేత్తో నలభై ఒకటో పేజీలోకి దింపాను. కానీ ఊచలకు ఇవతల నిలబడింది నాన్న. ఇప్పుడు తెలిసింది, ఎవరైనా పొగిడితే ఆయన ఎందుకు లేచి వెళ్లిపోయేవాడో.

డిప్యూటీ పదవి కోసం దాచాననుకున్నావు. నాన్న కోసం దాచాను. నీకోసం దాచాను. ఇంక దాచను. ఇప్పుడు రా. సభలో లేచి నిలబడి ఏం చెబుతావో చెప్పు. ఆ ఏడుగురి తాలూకు వాళ్లు కూడా ఆ వీధిలోనే ఉన్నారు, వాళ్లను వెంటబెట్టుకునే రా.

తమ్ముడు

*

ఆగస్టు 5

ప్రియమైన తమ్ముడూ,

నిన్ను అన్న మాటలకు సిగ్గుగా ఉంది. వెన్నెముక మాట ముఖ్యంగా.

నాకు తెలుసురా. ఏడుగురి సంగతి నాకు తెలుసు. నేనక్కడే ఉన్నాను.

అమ్మ గది గుమ్మంలో నిన్ను పట్టుకుని నిలబడి అరుస్తోంది. "తియ్యండి. పిల్లలు కొట్టుకుపోతున్నారు, తియ్యండి." నాన్న "ఆర్డరు లేదు" అన్నాడు. "ఆర్డరు నెత్తిన పెట్టుకుని ఊరేగుతావా? తియ్యి." అమ్మ నాన్నను నువ్వు అనడం ఆ ఒక్కసారే విన్నాను. నాన్న మళ్లీ "ఆర్డరు లేదు" అన్నాడు. ఆయనకు ఇంకేం మాట వచ్చినట్టు లేదు. రెండు చేతులతో ఊచలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అవతల జనం కూడా అవే ఊచలు పట్టుకున్నారు. కొందరి వేళ్లు నాన్న వేళ్ల మీదే ఉన్నాయి. మూడో మెట్టు మీద ఒకామె ఇద్దరు పిల్లలతో నిలబడి ఉండేది. నేను కళ్లు మూసి తెరిచేసరికి మెట్టు కనబడలేదు. నాన్న చూశాడు. నేనూ చూశాను.

అప్పుడు వెళ్లి నాన్న కోటు జేబులో చెయ్యి పెట్టాను. ఊచ పట్టుకున్న ఆయన కుడిచెయ్యి జేబుకు అడ్డంగా ఉంది. నావైపు చూడలేదు. నన్ను తొయ్యలేదు. ఆ చెయ్యి కాస్త పైకి తీసి పై ఊచ పట్టుకున్నాడు. ఆయన చేసింది అంతే. తాళం నేను తీశాను. రెండు చుట్లు తిప్పాలి, రెండో చుట్టు బిగుసుకుపోయేది. నా చేతికి రక్తం వచ్చింది. గేటు తీసింది నాన్న కాదు, నేను.

విచారణ రోజు పొద్దున్న నన్ను పిలిచి, "నేనే తీశానని చెబుతాను. నువ్వు నోరు విప్పకు" అన్నాడు. నాకు అప్పుడు తెలియదు, పెద్దయ్యాక తెలిసింది. పిల్ల తాళం దొంగిలించి తీసిందని చెప్పి ఉంటే మందలించి వదిలేసేవాళ్లు. ఉద్యోగం ఉండేది, గది ఉండేది, నా బడి ఉండేది. అయినా తీసింది తనేనని చెప్పాడు. ఆ అబద్ధం నన్ను కాపాడడానికి చెప్పాడో, తీసినవాడిగా మిగలాలని తనకోసమే చెప్పుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన పోయేదాకా అడగలేదు. అడిగితే ఆ మూడు గంటల గురించి కూడా అడగాలి.

అందుకని కథ కట్టాను. నాన్న తీశాడు, నాన్న తీశాడు అని నీకు చెప్పాను, బడిలో చెప్పాను, ప్రెస్సులో చెప్పాను. డైరెక్టరు మీద అరిచినంతసేపూ నాన్న మీద అరవనక్కరలేదు. నా కోపంలో సగం ఆయనది. ఆయనకు ఇవ్వలేక దారిన పోయేవాళ్లందరికీ పంచాను. మొన్న నీకూ ఇచ్చాను.

ఇప్పుడు అంతా రాయి. ఆజ్ఞ రాయి, జాడీలు రాయి, మూడు గంటలు రాయి, నాన్న పేరు రాయి. ఏడుగురిని ముందు రాయి. గేటు తీసింది కాపలాదారు కూతురని రాయి. తాళం ఏ జేబులో ఉందో ఆ పిల్లకు పన్నెండు గంటలకే తెలుసని కూడా రాయి. నేనూ మూడు గంటలు ఆగాను.

పుస్తకంలో వెయ్యనివ్వకపోతే ఈ ఉత్తరాన్ని ఏం చేసుకుంటావో చేసుకో. నాకు అభ్యంతరం లేదు.

నీ అక్క

*

సెప్టెంబరు 10

ప్రియమైన అక్కకు,

సభకు నువ్వు రాలేదు. జ్వరమని నీ మరదలికి ఫోను చేశావట. నమ్మాననుకో. జరిగింది వరసగా చెబుతాను.

కొత్తగా రాసిన నలభై ఒకటో పేజీ కమిటీ ముందు పెట్టాను. అధ్యక్షురాలు మొత్తం చదివింది. కాగితం బల్ల మీద పెట్టి, "పోయినాయన మీద ఇప్పుడు నేరం మోపుతారా? మా నాన్నను దోషిని చేస్తారా?" అంది.

"మా నాన్నను కూడా చేశానండి" అన్నాను.

మర్నాడు పుస్తకం ఆపేశారు. ఉత్సవాలకు పుస్తకమే లేదు. డిప్యూటీ పదవి ఇంకొకరికి ఇచ్చారు. నన్ను పిలిచి, ఆ ఫైలు నేలమాళిగలో ఎక్కడ ఉండేదో అక్కడే పెట్టమన్నారు.

అక్కా, ఇన్నేళ్లలో నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. అరవడం నీకు వచ్చినట్టు నాకు రాదు. నాకు వచ్చిన పని ఒక్కటే. గదిలోకి వెళ్లి పెద్ద రిజిస్టరు తీశాను. విచారణ కాగితాలకు ఒక నంబరు, తీసేసిన ఉత్తర్వుకు ఒక నంబరు, జాబితాకు ఒకటి, నీ ఉత్తరానికి ఒకటి వేసి ఎక్కించాను. పక్కన సంతకం పెట్టాను. ఈ మ్యూజియం చట్టంలో ఒక నియమం ఉంది. రిజిస్టరుకెక్కిన వస్తువును ప్రభుత్వ ఉత్తర్వు లేకుండా ఎవరూ కదిలించకూడదు, చూస్తామన్నవాళ్లకు చూపించననకూడదు. రాత్రిబడి పంతుళ్లు మెట్ల మీద కూర్చుని రాయించిన నియమం అది. ఇన్నాళ్లూ పూసలకు, నాణేలకు వాడాను.

సభ అయిన మర్నాడే అద్దకంవాళ్ల వీధికి వెళ్లాను. ఫలానా నంబర్లు చూపించమని అడగండి, చూపించక తప్పదు అని చెప్పాను. ఆ వెంటనే నలభై మంది వచ్చారు. అద్దాల ద్వారం దగ్గర కొత్త కాపలాదారు ఫోనులో టికెట్ చూపించమన్నాడు. ముందున్న పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, అతని మొహం మీదే అంది: "నలభై ఆరేళ్ల కింద ఇక్కడే నిలబెట్టారు నాయనా. మళ్లీ నిలబెడతావా?" అతను పక్కకు తప్పుకున్నాడు. ఎందుకు తప్పుకున్నాడో అతనికే తెలిసి ఉండదు.

తిమింగలం గదిలో బల్ల వేసి కాగితాలు పరిచాను. చదువు రానివాళ్లకు నేనే చదివి వినిపించాను. నాన్న జవాబులు నా నోటితో చదివాను. అయ్యాక పెద్దావిడ, "నువ్వు ఆయన కొడుకువా?" అంది. అవునన్నాను. "ఆయన ఎక్కడ నిలబడ్డాడు? చూపించు." బయటికి తీసుకెళ్లి చూపించాను. ఆవిడ అక్కడినుంచి మూడో మెట్టు దాకా అడుగులు వేసి లెక్కపెట్టింది. "నాలుగడుగులు" అంది. ఇంకొకసారి వెనక్కి నడిచి మళ్లీ లెక్కపెట్టింది. మూడో మెట్టు మీద ఉన్నది ఆవిడ వదిన, ఇద్దరు పిల్లలు. జాబితాలో చిన్నపిల్ల దగ్గర 'ఒక ఆడశిశువు' అని మాత్రమే ఉంది. "దానికి పేరుంది" అంది. చెప్పింది. నా కలంతో జాబితా పక్కన వేరే కాగితం మీద రాశాను. తను దగ్గర కూర్చుని రాయించింది. ఆ కాగితానికీ నంబరు వేశాను.

నన్ను క్షమించాననలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. పై నుంచి నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. బదిలీ తప్పదంటున్నారు. చేసుకోనివ్వు. కాగితాలు మాత్రం కదలవు. సాయంత్రాలు పిల్లలు మళ్లీ వరండాలో కూర్చుంటున్నారు. లేపడానికి ఇప్పుడు ఎవరూ ముందుకు రావడం లేదు.

నిన్న పెద్దావిడ నీ ఉత్తరం మళ్లీ చదివించుకుంది. మొత్తం విని, "పన్నెండింటికే తెలుసని రాసిందే, ఆ పిల్ల ఎక్కడుంది ఇప్పుడు?" అంది. పక్క ఊళ్లో ప్రెస్సులో పనిచేస్తోందన్నాను. "రమ్మను" అంది.

ఎందుకో చెప్పలేదు. నాకు అడిగే ధైర్యం లేదు. మంచి మాటే అంటుందని నీకు మాట ఇవ్వలేను. తిట్టొచ్చు. అసలు ఏమీ అనకపోవచ్చు. రోజూ పదింటికి వచ్చి తిమింగలం గదిలో బెంచీ మీద కూర్చుంటుంది, మూసేవరకూ కదలదు.

జ్వరం తగ్గిందని చెప్పు. ఆదివారం మొదటి బస్సుకు వస్తావు కదా, స్టాండు దగ్గర ఉంటాను. ఇద్దరం కలిసే వెళ్దాం.

నీ తమ్ముడు